నదికి ఇచ్చిన జాగా

మార్చి 9

రంగుల మరదలికి,

చేతులు కడుక్కుని చదువు. కిందటిసారి నువ్వు రాసిన కాగితం మీద నీ నీలం బొటనవేలు పడి, అసలు సంగతి దాని కిందే మునిగిపోయింది. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఈ కొండ మీద ఫోన్‌లో సగం వినపడదు, మిగతా సగం కోసం ఇద్దరం అరుస్తాం, ఈలోగా పొయ్యి మీద పాలు పొంగుతాయి. పాల వ్యాను రోజూ మీ ఒడ్డు వీధి మీదుగానే వెళ్తుంది కాబట్టి కాగితమే నయం.

నన్ను నది సంఘానికి అధ్యక్షురాలిని చేశారు. పొగడ్త అనుకోకు. ఆరోగ్య కేంద్రంలో సూదులు వేసేదాన్ని కాబట్టి పిల్లా పెద్దా నేనంటే జడుస్తారు, అంతే. సర్వేకి వచ్చిన అమ్మాయి ఒకతి ఉంది. మెడలో టేపు, చేతిలో కర్ర. మేం కొలతలమ్మాయి అంటున్నాం. వాన ఎక్కడెక్కడ పడి మన నదిలో చేరుతుందో ఆ నేలంతా పరీవాహక ప్రాంతమట. అంటే మా కొండా మీ వీధీ ఒకే ఇల్లన్నమాట. పై గదిలో కుండ పగిలితే కింది గదిలో తడుస్తుంది.

నీకు తెలియనిదేముంది. మా వాలు ఇప్పుడు బోడిగుండు. పడిన వాన పడినట్టే మట్టిని లాక్కుని మీ మీదికి వస్తుంది. వేసవి వచ్చేసరికి ఇక్కడ ఊటలుండవు, మీకు నదిలో బురద తప్ప మిగలదు. అందుకని వాలు మీద అడ్డంగా కందకాలు తవ్వాలని, మొక్కలు బతికేదాకా అటు మేకల్ని తోలకూడదని, లోయ మూతి దగ్గర మట్టికట్ట వేసి నీళ్ళని నిదానంగా వదలాలని అనుకుంటున్నారు. ఇది మా వంతు. మరి కింది వాళ్ళేమిస్తారని సభలో గొడవ. మేకలున్న వాళ్ళలో మొదటివాడు మీ అన్నయ్యే. ఇంట్లో ఆ సంగతి ఎత్తితే లేచి మేకల దొడ్లోకి పోతున్నాడు. వాటితో మాట్లాడినంత నాతో మాట్లాడడం లేదు.

నిన్ను రెండు అడగాలి. మీ రంగుల షెడ్డు వెనకగోడ మీద నీటిమట్టం గుర్తులు గీయడానికి కొలతలమ్మాయి వస్తుంది, మీకు అభ్యంతరమా? రెండోది, ఒడ్డు వెంట కాస్త జాగా నదికి వదిలేస్తే వరద అక్కడ పరుచుకుని నెమ్మదిస్తుందట. మీ వీధివాళ్ళు ఏమంటారో కనుక్కో.

సూదులమ్మ వదిన

మార్చి 20

వదినా,

ఇన్నాళ్ళూ మా అన్నయ్య ఒక్కడి మీదే నీ పెత్తనం, ఇప్పుడు నది కూడా దొరికింది పాపం.

ఇక్కడ పని తల తిప్పనివ్వడం లేదు. మొన్న ఎరుపు వేసిన నూలంతా ఇటుకరంగు తేలింది. నీళ్ళలో మట్టి ఉంటే రంగు ఎలా పడుతుంది? మా ఆయన తొట్టి చుట్టూ తిరుగుతూ కర్రతో కలుపుతూ ఎవర్నో తిడుతున్నాడు, ఎవర్నో ఆయనకీ తెలీదు. పైన కొండ మీద చిన్న మబ్బు కనపడితే చాలు, నూలు చిలపలన్నీ అటక మీదికి ఎక్కించేస్తాడు. మబ్బు పోతే దింపుతాడు. కిందటేడు వరద తలుపు తోసుకుని వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. నాకూ అంతే. కుళాయి కాస్త గట్టిగా మోగినా లేచి నది వైపు చూస్తాను.

నువ్వడిగినదానికి మాకేం అభ్యంతరం లేదు. గీసుకోమను. ఆ గోడకి సున్నం వేసి ఎన్నేళ్ళయిందో, గీతలైనా పడితే అందంగా ఉంటుంది. నదికి జాగా కావాలా? ఇస్తాం, తీసుకోమను. అదెలాగూ ఏటా అడక్కుండా వచ్చి కూర్చుంటూనే ఉంది, ఈసారి మర్యాదగా పిలిచినట్టుంటుంది.

అన్నయ్యని దగ్గు సంగతి చూసుకోమను. ఇంట్లో నర్సుని పెట్టుకుని మందు వేసుకోని మగవాణ్ణి వీణ్ణే చూశాను.

తొట్టి పిలుస్తోంది, ఉంటాను.
నీ మరదలు

ఏప్రిల్ 6

బంగారు మరదలా,

నువ్వు చేసిన మేలు నీకు తెలీదు. నిన్న సభ బడి వసారాలో జరిగింది. ఎండ, ఈగలు, ఒకటే అరుపులు. "మా మేకల్ని మేం ఆపుకుంటే కింది వాళ్ళు కాలు మీద కాలేసుకుని కూర్చుంటారా" అని ఒకాయన బల్ల గుద్దాడు. నా సంచిలో నీ ఉత్తరం ఉంది. తీసి చదివాను. "నదికి జాగా కావాలా, ఇస్తాం, తీసుకోమను." అంతవరకే చదివాను. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు. బల్ల గుద్దినాయనే లేచి, "వాళ్ళు ఇల్లే ఇస్తామంటుంటే మనం గడ్డి ఇవ్వలేమా" అన్నాడు. వాలు మూసేయడానికి ఒప్పుకున్నారు.

కొలతలమ్మాయి పటం మీద మీ వీధి వెంట నీలం పెన్సిల్‌తో గీత గీసింది. నాకు కన్నీళ్ళు ఆగలేదు.

మీ అన్నయ్య మాత్రం చప్పట్లప్పుడే లేచి వెళ్ళిపోయాడు. తిండి దగ్గర అడిగితే, "మా చెల్లెలు అలా రాయదు" అన్నాడు. నీ చేతిరాత చూపించాను. చూసి, కంచం పక్కకి పెట్టాడు. తన మందని పోగొట్టుకుంటున్న బాధ కదా, ఏదో ఒకటి అంటాడు.

కందకాలు మొదలయ్యాయి. పారలు పట్టి పట్టి అందరికీ చేతులు బొబ్బలే. నా దగ్గర దూది అయిపోవచ్చింది.

నీకు రుణపడిన వదిన

ఏప్రిల్ 15

నది సంఘం అధ్యక్షురాలు గారికి,

మీ ఉత్తరం అందింది. మీకు కన్నీళ్ళు వచ్చినందుకు సంతోషం. ఇక్కడ మాకూ వస్తున్నాయి.

వంతెన గోడకి మీ పటం అంటించారు. నీలం గీత మా షెడ్డు మీదుగా, చెప్పుల షాపు మీదుగా, ప్రెస్సు ముసలాయన గుమ్మం మీదుగా చక్కగా పోయింది. కింద "ఒడ్డు వీధి వారి అంగీకారంతో" అని రాసి ఉంది. పొద్దున్న చెప్పులాయన వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. "వీధి మొత్తం తరఫున మాటివ్వడానికి నువ్వెవరమ్మా" అన్నాడు. నాకు అప్పటికి ఏమీ తెలీదు. తెల్లమొహం వేశాను. అది చూసి ఆయన నేను నటిస్తున్నాననుకున్నాడు.

ప్రెస్సాయన అయితే మరీ. "మీ అన్న మేకలకి మేత కావాలి, దానికి మా ఇళ్ళు కావాలి" అన్నాడు. అన్నయ్య మేకలే పోతున్నాయని చెప్తే ఎవరు నమ్ముతారు? మా ఆయన రెండు రోజులుగా నాతో పొడిపొడిగా మాట్లాడుతున్నాడు. ఈ షెడ్డు ఆయన చేతులతో కట్టింది. "ఇస్తాం అని రాసేముందు నన్నొక మాట అడగాలనిపించలేదా" అన్నాడు.

నేను జోకు వేశాను వదినా. నువ్వు దాన్ని తీర్మానం చేశావు. ఆ తర్వాతి వాక్యం కూడా చదివి ఉంటే అందరూ నవ్వి ఊరుకునేవాళ్ళు. సగం చదివి ఎందుకాపారు మీరు?

వచ్చే సభలో అది మా మాట కాదని చెప్పండి. చెప్పినట్టు నాకు రాయండి.

ఒడ్డు వీధి నివాసి

ఏప్రిల్ 26

మరదలా,

మీరు అని రాశావు. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన మొదటి రోజు కూడా నువ్వు నన్ను మీరు అనలేదు. ఉత్తరం ఆరోగ్య కేంద్రం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఎవరో పిల్లవాడికి జ్వరం చూడమంటే థర్మామీటరు తిరగేసి పెట్టాను.

నువ్వు నవ్వుతూ రాశావని చదివినప్పుడు నాకు తోచలేదా? తోచిందేమో. కానీ సభ చెయ్యి జారిపోతోంది, నాకో ఆసరా కావాలి. తర్వాతి వాక్యం నా నోట్లోనే ఆగిపోయింది. తప్పు నాదే.

కానీ ఇప్పుడు లేచి అది జోకని ఎలా చెప్పను? ముందు నుయ్యి, వెనక గొయ్యి. కందకాలు సగం వాలు దాకా వచ్చాయి. కొందరు మేకల్ని అమ్మేశారు. ఆ మాట చెప్పిన మర్నాడే వాలు చుట్టూ కట్టిన కంచె పీకేస్తారు. తవ్విన మట్టి వదులుగా ఉంది, ఇప్పుడు మేకలు తొక్కితే మొదటి వానకి అంతా మీ మీదికే వస్తుంది. వానలు వెళ్ళేదాకా ఓపిక పట్టు. తర్వాత నేనే మీ వీధికి వచ్చి చెప్తాను. ఎవర్నీ ఖాళీ చేయించనివ్వను.

లోయ మూతి దగ్గర మట్టికట్ట లేచింది కానీ పూర్తి కాలేదు. ఎక్కువైన నీళ్ళు పోవడానికి పక్కన రాతితో దారి కట్టాలి, రాయి ఇంకా రాలేదు. నాకు వాన భయం పట్టుకుంది. బట్టలు ఆరేస్తూ ఆకాశమే చూస్తున్నాను.

మీ అన్నయ్యకి చెప్పాను నువ్వు కోప్పడ్డావని. "చెప్పానుగా" అన్నాడు. ఆ రెండు ముక్కలే ఈ వారంలో నాతో మాట్లాడింది.

వదిన

మే 20

ఒక్క ముక్క అయినా రాయవేం? మీ షెడ్డు తలుపులు మూసి ఉన్నాయని వ్యాను డ్రైవరు చెప్పాడు. ఒంట్లో బాగుందా? మీ ఆయన పని మానేశాడా? తిట్టాలనుంటే తిట్టు, ఊరుకోకు. ఇక్కడ రాయి ఇంకా రాలేదు.

వదిన

జూన్ 17

వదినా,

ప్రాణాలతో ఉన్నాం. ముందు అది తెలుసుకో.

మొన్న మధ్యాహ్నం నది పొంగింది. మెట్ల దగ్గరికి వచ్చి కాసేపు ఆగింది. ఆగిందిలే అనుకున్నాం. మా ఆయన అటక మీద చిలపలు సర్దుతున్నాడు, నేను మందుల డబ్బా పైన పెడుతున్నాను. అప్పుడు ఒక్కసారిగా ఇంకో ఎత్తు నీళ్ళు వచ్చాయి. వెనకగోడ అలా వంగి, కూర్చున్నట్టుగా కూలిపోయింది. తొట్లు తేలి తిరగబడ్డాయి. ఉన్న నీలమంతా వీధిలోకి పోయింది. నీళ్ళు తీశాక చూస్తే చెప్పుల షాపు దాకా గోడలన్నీ మోకాలెత్తున నీలం. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. పెద్ద రాగితొట్టి బురదలో కూరుకుపోయింది, అంచు మాత్రం కనపడుతోంది.

ఇప్పుడు వీధిలో ఒకటే మాట. కొండవాళ్ళు తమ కట్టని కాపాడుకోవడానికి గండి కొట్టి నీళ్ళు మన మీదికి తోలారని. కొట్టింది మా అన్నయ్యేనని వ్యాను డ్రైవరు చెప్పాడు. చెప్పేసి నా మొహం చూడలేక స్టీరింగు తుడుస్తూ నిలబడ్డాడు.

మా ఆయనకి నేనింకా చెప్పలేదు. ఎవరో ఒకరు చెప్పేలోగా నేను తెలుసుకోవాలి. అన్నయ్యకి ఏమైనా అయిందా అని అడగాలనుంది, అడగబుద్ధి కావడం లేదు. నిజమా కాదా, ఒక్క ముక్క రాయి. ఈసారి సగం చెప్పకు.

నేను

జూన్ 21

మరదలా,

నిజం. మీ అన్నయ్యే.

సగం చెప్పకన్నావు, అంతా చెప్తాను. రాతిదారి పూర్తి కాకముందే వాన వచ్చింది. కట్ట వెనక నీళ్ళు గంట గంటకీ పెరిగాయి. అంచు దాకా ఇంకా జానెడే ఉంది. అందరం కట్ట దగ్గరే ఉన్నాం. కొందరు ఇసుక మూటలు వేద్దామన్నారు, కొందరు పారిపోదామన్నారు. కొలతలమ్మాయి ఫోన్ పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తింది, టవరు మొదటి ఉరుముకే చచ్చింది. దారి మీద చెట్టు పడి వ్యాను కదల్లేదు. మీకు చెప్పే మార్గం లేదు.

మీ అన్నయ్య పార తీసుకుని కట్ట కొసకి పోయాడు, రాతినేల ఉన్న వైపు. నేను వద్దని అరిచాను. "మొత్తం తెగితే కింద వీధే ఉండదు. కొంచెం కొంచెం పోనిద్దాం" అన్నాడు. గండి కొట్టాడు. అనుకున్నదాని కంటే వెడల్పుగా కోసుకుపోయింది. మీకు వచ్చిన రెండో ఎత్తు నీళ్ళు అవే. కట్ట మాత్రం నిలిచింది.

తర్వాత కొలతలమ్మాయిని పక్కకి పిలిచి అడిగాను. కొట్టకపోతే ఏమయ్యేదని. "మొత్తం తెగేదేమో. నిలిచేదేమో కూడా. నేను ఖచ్చితంగా చెప్పలేనండీ" అంది. నేనూ నీకు అంతకు మించి చెప్పలేను. మీ షెడ్డు పోయి వీధి నిలిచిందో, ఊరికే పోయిందో, ఎవరికీ తెలీదు. ఈ మాట మీ అన్నయ్యకి కూడా ఇలాగే చెప్పాను. అప్పటినుంచీ దొడ్డిగోడ మీద కూర్చుని ఉంటున్నాడు. మేకలు అరుస్తున్నా లేవడు.

నన్ను తినేస్తున్నది ఒకటే. మీ మీదికి వచ్చే నీళ్ళని మిమ్మల్ని అడక్కుండా వదిలాం. అంతకు ముందు మీ జాగాని మిమ్మల్ని అడక్కుండా ఇచ్చేశాను. రెండూ ఒకే తప్పు.

సభ మీ వీధిలో పెట్టించు. నేను వస్తాను. నీ మాట జోకని, నేను సగం చదివానని అందరి ముందూ చెప్తాను. మీ అన్నయ్య కూడా వస్తానంటున్నాడు. వద్దంటే ఆపుతాను.

వదిన

జూలై 5

వదినా,

కాన్పు కేసని కబురొచ్చి నువ్వు సభ మధ్యలోనే వ్యానెక్కావు కాబట్టి మిగతాది చెప్తాను. ముందు ఆ బిడ్డ ఎలా ఉందో రాయి.

నువ్వు ఉన్నంతసేపూ నిన్ను తిట్టారు. ప్రెస్సులో ఆ కాగితం బేళ్ళ మధ్య నిలబడి నువ్వు ఒక్కదానికీ ఎదురు చెప్పలేదు. నువ్వెళ్ళాక తిట్టడానికి ఎవరూ లేక ఒకర్నొకరు తిట్టుకోవడం మొదలుపెట్టారు. చెప్పులాయన, "పటం చించేద్దాం, సంఘం లేదు గింఘం లేదు" అన్నాడు. అందరూ సరే అనేలా ఉన్నారు. నేనే లేచాను.

"పటం చించితే నది ఆగుతుందా బాబాయ్? నీ గోడ మీద నా నీలం ఎక్కడిదాకా ఉందో చూసుకున్నావా" అన్నాను. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు. "అయితే మీ ఆయన షెడ్డు ఇచ్చేస్తాడా" అన్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఈసారి అడిగాను. అందరి ముందూ అడిగాను. ఆయన తన చేతులు చూసుకున్నాడు. "గోడ ఎలాగూ లేదు. మళ్ళీ అక్కడే కడితే మళ్ళీ పోతుంది. ఇద్దాం. కానీ అడిగి తీసుకోవాలి" అన్నాడు.

చీకటి పడేదాకా తేల్చింది ఇది. వీధి మొత్తం కాదు. మా షెడ్డు, ప్రెస్సు వెనక గోడౌను, చెప్పుల షాపు వెనక గది, ఈ మూడు వెనక్కి జరుగుతాయి. అవతలి ఒడ్డున ఊరికే పడి ఉన్న పాత బస్సుల డిపో నదికి వదలమని పురపాలక ఆఫీసుని అందరం కలిసి అడుగుతాం. ఇస్తారో ఇవ్వరో తెలీదు. మాకు కావలసింది ఒకటే. నీళ్ళు కొంచెం కొంచెంగా వదలడానికి కట్టకి పలకల తలుపు పెట్టండి. మా మాట అందేదాకా ఒక్క పలక ఎత్తకూడదు. సభ ఒకసారి మీ దగ్గర, ఒకసారి మా దగ్గర. ఈ వీధి తరఫున మాట చెప్పే మనిషిని నేను. చెప్పులాయనే నా పేరు ఎత్తాడు, మొహం అటు తిప్పుకుని.

అన్నయ్య సంగతి. లోపలికి రాలేదు, నీకు తెలుసుగా. మెట్ల మీద కూర్చున్నాడు. నేను పలకరించలేదు. సభ మధ్యలో మా ఆయన లేచి బయటికి పోతే, కొట్టుకుంటారేమోనని కిటికీలోంచి చూశాను. ఇద్దరూ బురదలో రాగితొట్టి తవ్వుతున్నారు. అది పైకి వచ్చాక మా ఆయన టీ పట్రమ్మన్నాడు. రెండు గ్లాసులు అన్నాడు.

అన్నయ్య మీద కోపం పోయిందా అని అడక్కు. పోలేదు. టీలో చక్కెర మాత్రం ఎప్పటిలా వేశాను.

మరదలు

జూలై 16

మరదలా,

ఆడపిల్ల. తల్లీ బిడ్డా కులాసా.

మీ షరతు మా సభలో చదివాను, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. "కట్ట నెత్తిన నీళ్ళు పెట్టుకుని కింది వాళ్ళ దయ కోసం మేం కూర్చోవాలా" అని గోల చేశారు. నిజమే కదా, మీ జవాబు ఆలస్యమైతే నీళ్ళు వెనక్కి తన్ని మునిగేది మేమే. మీ అన్నయ్య లేచాడు. సభలో ఆయన మాట్లాడడం ఇదే మొదలు. "ఆ రోజు నేను ఒక్కణ్ణే తేల్చుకున్నాను. అది నాకు ఇంకా అరగలేదు. మీరెవరైనా పార పట్టి చూడండి, తెలుస్తుంది" అన్నాడు. తర్వాత ఓట్లు వేశారు. గెలిచాం, కానీ కొద్దిలో గెలిచాం. ఓడినవాళ్ళు నన్ను చూసి పలకడం లేదు.

రాయి వచ్చింది. పలకల తలుపు బిగిస్తున్నారు. దాని దగ్గర ఎవరుండాలంటే ఒక్కరూ ముందుకు రాలేదు, మీ అన్నయ్య తప్ప. మందలో సగం అమ్మేశాడు. మిగతా వాటికి కోసిన గడ్డి మోసుకొచ్చి వేస్తున్నాడు, నన్ను తిడుతూనే. తిడుతున్నాడంటే మాట్లాడుతున్నట్టే కదా.

మళ్ళీ వానలు దగ్గర పడుతున్నాయంటున్నారు. నాకు భయంగానే ఉంది.

వదిన

ఆగస్టు 22, పొద్దున

ఒడ్డు వీధికి,

కట్ట మీద కొలతలమ్మాయి గీసిన రెండో గుర్తుని నీళ్ళు దాటాయి. పైన వాన ఆగేలా లేదు. టవరు పోయింది. మధ్యాహ్నం మీ జవాబుతో వ్యాను తిరిగి రాగానే ఒక పలక ఎత్తాలని ఇక్కడ అనుకుంటున్నాం. మీరు ఒప్పుకుంటేనే. మనుషులూ సామానూ మెట్ల పైకి చేరారా? మీ అన్నయ్య తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, చెయ్యి దాని మీద వెయ్యలేదు. నీ మాట కోసం చూస్తున్నాం.

వదిన

అదే రోజు

వదినా,

నేనే ఇంటింటికీ వెళ్ళి చూసి వచ్చాను. చెప్పుల షాపు ఖాళీ. ప్రెస్సు ముసలాయన్ని కుర్చీతో సహా మేడ మీదికి ఎక్కించాం, ఇంకా తిడుతూనే ఉన్నాడు. పిల్లలందరూ పైన ఉన్నారు, లెక్క సరిపోయింది. మా షెడ్డు జాగాలో ఏమీ లేదు, గడ్డి మొలిచింది.

మా ఆయన పక్కనే ఉన్నాడు. ఆయన్నీ అడిగాను.

అన్నయ్యతో చెప్పు, వదలమను.